ఏడో ముఖం

మిరపకోతలకు పోయే ఆటో కోసం ఆడవాళ్లు సెంటర్లో పోగయ్యేసరికే ఫ్లెక్సీ కట్టేసి ఉంది. టీకొట్టు పందిరిగుంజకూ కరెంటు స్తంభానికీ మధ్య కట్టారు. తెల్లవారుగాలికి డబడబా కొట్టుకుంటోంది.

"తిరునాళ్ల కబడ్డీ పోటీలంట," అంది వెంకటరావమ్మ కొంగు నడుముకు బిగిస్తూ. ఆ ముఠాకు మేస్త్రి ఆమే. "ఏటేటా ఉండేదేగా. ఈసారి అడుగున ఆడపిల్లల్ని గూడా వేశారు చూడండే!"

ఖుర్షిదా టిఫిను గిన్నె చంకన పెట్టుకుని దగ్గరికి వెళ్లింది. పైన నాయకుల ముఖాలు. మధ్యలో ఊరి మగజట్టు తొడలు చరుస్తూ నిలువెత్తున నిలబడి ఉంది. వాళ్ల పక్కన బాపయ్య. ఆయన వయసులో ఉండగా జిల్లాకు ఆడాడు. ఇప్పుడు బొజ్జ వచ్చింది, మెట్లెక్కాలంటే మోకాళ్లు పట్టుకుంటాడు, అయినా ఊళ్లో పిల్లాపెద్దా ఆయన్ని 'కెప్టెన్ గారూ' అనే పిలుస్తారు. అందరికంటే అడుగున, కూర్చున్న మనిషికి అందేటంత కిందుగా, ఒక వరస అరచెయ్యంత బొమ్మలు. 'మన తిరునాళ్లలో తొలిసారి మహిళా కబడ్డీ' అని రాసి ఉంది. ఏడుగురు అమ్మాయిలు. ఏడో బొమ్మ మెహర్‌ది.

చేతుల్లేని బనీను, మోకాళ్లకు పైన ఆగిపోయిన నిక్కరు. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

ఆ బట్టలు ఖుర్షిదా ఉతికేవే. ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసి, వాటి మీద తువ్వాలు కప్పేది. ఎండ సరిగ్గా తగలక అవి ఎప్పుడూ కాస్త ముక్కవాసన వేసేవి. "తువ్వాలు తీసెయ్యమ్మా, కంపు కొడుతున్నాయి," అని మెహర్ గొడవ పెట్టేది. ఇన్నాళ్లూ తువ్వాలు కింద దాచినవి ఇప్పుడు నాలుగు రోడ్ల కూడలిలో రెపరెపలాడుతున్నాయి.

"మీ మెహరే గదంటే అది! చక్కగా ఉందే," అంది వెంకటరావమ్మ. "మేమూ ఆడేవాళ్లం చెడుగుడు. మా అన్న కూతకొస్తే కాలు పట్టుకుని ఈడ్చేదాన్ని. పెద్దమనిషినైన రోజుతో సరి. గుమ్మం దాటితే ఒట్టని మా అమ్మ కూర్చోబెట్టింది. వాడు మాత్రం పెళ్లై పిల్లలు పుట్టినా ఆడాడు."

ఆడవాళ్లు నవ్వారు. ఖుర్షిదా కూడా నవ్వబోయింది. అంతలో ఒక మోటారుసైకిలు వచ్చి ఫ్లెక్సీ ముందు ఆగింది. ఎవరో కుర్రాడు, ఇరవై దాటి ఉంటాయి, ఈ ఊరివాడు కాదు. బండి మీదనుంచి దిగకుండానే ఫోను తీసి ఫ్లెక్సీని ఫొటో తీశాడు. ఆ తర్వాత తెర మీద రెండు వేళ్లు ఆనించి విడదీశాడు. అతని భుజం వెనక నిలబడ్డ ఖుర్షిదాకు అంతా కనబడుతోంది. నాయకులు తెరలోంచి జారిపోయారు, మగజట్టు జారిపోయింది. ఆడపిల్లల వరస పెద్దదైంది. చేతులు, మోకాళ్లు, నవ్వులు. కుర్రాడు తనలో తను నవ్వుకుని, ఏదో టైపు చేసి, ఎవరికో పంపించి బండి తీశాడు.

పోయిన ఏడు పక్క ఊళ్లో ఒక పిల్ల కాలేజీలో డాన్సు చేసిన బొమ్మ ఇలాగే ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి పాకింది. రకరకాల రాతలు రాసి తిప్పారు. ఆ పిల్ల చదువు ఆగిపోయింది. ఆ ఇంటి వీధితలుపు ఇప్పటికీ పగలు కూడా తీయరు.

ఆ రోజంతా చేలో ఆమె చేతులు కాయలు కోస్తున్నాయిగాని కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఎర్రకాయతోబాటు పచ్చికాయ కూడా తెంపి సంచిలో వేస్తోంది. "ఏందే, పచ్చికాయ ఎండితే తాలైపోద్ది. కళ్లం మీద ఆ తాలుకాయలేరేది గూడా నువ్వేనా? చూసి కొయ్యి!" అని వెంకటరావమ్మ కేకేసింది. మిట్టమధ్యాహ్నానికి వేళ్ల సందుల్లో మంట మొదలైంది. రోజూ ఉండే మంటే. ఆ రోజు మాత్రం అది మోచేతులదాకా పాకినట్టనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మెహర్ వాకిట్లో గెంతుతోంది. "చూశావా అమ్మా? మా అందరి బొమ్మలూ వేశారు! పిడుగురాళ్ల జట్టుతో మాకు మ్యాచి. జిల్లా సెలక్షన్ వాళ్లు వస్తున్నారని మా పీఈటీ మేడం చెప్పింది."

లాల్ అహ్మద్ పరుపులకొట్టు కట్టేసి వచ్చాడు. తలనిండా దూది. "కింద 'లాల్ అహ్మద్ కూతురు' అని గూడా వేయించాల్సింది. నా కొట్టుకు పేరొచ్చేది," అన్నాడు దూది దులుపుకుంటూ. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నయ్య వస్తున్నాడంట తిరునాళ్లకి," అన్నాడు.

అన్నయ్యంటే ఇమాం హుస్సేన్. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. పదో తరగతి అయిపోగానే ఆడపిల్లకు ఆటలేంటని అడిగినవాడాయన. 'మానిపించేశాంలెండి బావగారూ' అని అప్పట్లో ఖుర్షిదా నోటికొచ్చిన అబద్ధం చెప్పేసింది.

"మెహర్," అంది వంటింట్లోంచి, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ. "మీ మేడంతో చెప్పి ఆ బొమ్మ తీయించెయ్యకూడదా? ఆటాడుకో. బొమ్మెందుకు?"

"మగపిల్లల బొమ్మలు తీయించెయ్యమని వాళ్లమ్మలు అడిగారా?"

"వాళ్లు మగపిల్లలు."

"అయితే?"

పొయ్యి మీద అన్నం పొంగింది. ఖుర్షిదా మూత తీసింది.

*

మర్నాడు ఆమె అందరికంటే ముందు సెంటరుకు వచ్చింది. పొగమంచు దట్టంగా ఉంది. టీకొట్టు ఇంకా తీయలేదు. ఒక కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, మళ్లీ పడుకుంది.

పాత పరుపుల కుట్లు విప్పే బ్లేడు ఆమె పిడికిట్లో ఉంది. కొట్టులోంచి తెచ్చింది. ఫ్లెక్సీ ముందు కూర్చుంది. బొమ్మ మొత్తం, కాళ్లూ చేతులతో సహా, చదరంగా కోసి తీసేద్దామనుకుంది. చూసినవాళ్లు ఏ గాలికో చిరిగిందనుకుంటారు. ముందు పైగీత కోసింది. గుడ్డలాగా తెగుతుందనుకుంటే ఆ ప్లాస్టిక్కు చర్రుమని చప్పుడు చేసింది. ఆమె ఆగి చుట్టూ చూసింది. ఒక పక్క కోసింది. రెండో పక్క కోస్తుండగా దూరంగా మోపెడ్ దీపం కనబడింది. మంచులో ఊగుతూ ఇటే వస్తోంది.

బ్లేడు ఎటు పోతోందో తెలియలేదు. మెడ దగ్గర అడ్డంగా ఒక్కసారి లాగింది. ముఖం చేతిలోకి వచ్చింది. మిగతా ఒళ్లు ఫ్లెక్సీ మీదే ఉండిపోయింది.

పాలవాడు దాటిపోయాడు. ఆమె వైపు చూడనుకూడా లేదు. ఖుర్షిదా కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడి, అప్పుడు చూసింది తను చేసిన పని. ఆరుగురు అమ్మాయిలు నవ్వుతున్నారు. ఏడో అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుని, తల లేకుండా నిలబడి ఉంది.

బొమ్మను అలా వదిలెయ్యకూడదు, మొత్తం తీసెయ్యాలి. కాని ఆటో చప్పుడు వినబడుతోంది. ఆడవాళ్ల మాటలు దగ్గరకొస్తున్నాయి. ఆమె ముఖం ముక్కను మడిచి టిఫిను గిన్నె మూత కింద పెట్టేసి, ఆటోలో అందరికంటే లోపలికి జరిగి కూర్చుంది.

చేలో ఒక మొక్క మొదట్లో మట్టి తవ్వి ఆ ముక్కను పాతిపెట్టబోయింది. మడత విడి, కూతురి కళ్లు మట్టిలోంచి పైకి చూశాయి. చప్పున తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ గిన్నెలో పెట్టుకుంది.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వీధితలుపు వేసి ఉంది. దీపం వెయ్యలేదు. మెహర్ బియ్యండబ్బా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"అమ్మా, తలుపు గడియ పెట్టు."

పెట్టింది.

"ఎవరో నా ముఖం కోశారమ్మా. బ్లేడుతో." మెహర్ చెయ్యి తన మెడ మీదికి పోయింది. "మిగతా ఆరుగురినీ ముట్టుకోలేదు. నాదొక్కటే. మెడ దాకా. నేనేం చేశానమ్మా ఎవరిని?"

ఖుర్షిదా నోరు తెరిచింది. చెప్పేస్తే అయిపోతుంది. 'నేనేనే పిచ్చిమొహమా' అని నవ్వేస్తే. కాని కూతురి కళ్లు ఆమె వైపు లేవు, కిటికీ వైపున్నాయి. ఆ కళ్లలో ఖుర్షిదా ఎన్నడూ చూడని చూపు ఉంది. ఈ పిల్ల చీకటికి భయపడలేదు, పాముకు భయపడలేదు. ఎదర ఏడుగురు చేతులు చాపి నిలబడితే నవ్వుకుంటూ వాళ్ల మధ్యకు పోయేది.

"ఎవడో తాగుబోతు వెధవ అయ్యుంటాడులే," అంది ఖుర్షిదా.

మెహర్ ఆ పూట పెరట్లోకి ఒక్కతే పోలేదు. అమ్మను తోడు రమ్మంది. చన్నీళ్లతో కాళ్లు కడుక్కుంటూ కూడా గోడ మీదకు చూస్తూనే ఉంది. పొద్దున్నే లేచి ప్రాక్టీసుకు పోయే పిల్ల, మర్నాడు దుప్పటి ముసుగు తియ్యలేదు. మిగతా పిల్లలు వచ్చి వాకిట్లో పిలిస్తే, "ఒంట్లో బాగాలేదని చెప్పు," అంది ముసుగులోంచే.

ఆ రోజు ఖుర్షిదా కోతకు పోలేదు. మధ్యాహ్నం సెంటర్లో గోల వినబడితే వెళ్లింది. మోటారుసైకిలు కుర్రాణ్ని పట్టుకొచ్చారు. టీకొట్టతను ఆనవాలు చెప్పాడట. బాపయ్య అతని చొక్కా పట్టుకుని ఉన్నాడు. చుట్టూ మగవాళ్లు.

"పక్క ఊరినుంచి వచ్చి మా పిల్లల ఫొటోలు తీస్తావేరా?"

"మా చెల్లెలుందండీ అందులో! లక్ష్మీదుర్గ. మీ పిల్లలతోనే ఆడుద్ది. నా పేరు కోటేషండీ, దాని అన్నని. మా అమ్మ కొత్తపట్నంలో మా అమ్మమ్మ దగ్గరుంది. ఆమెకి కళ్లు సరిగా ఆనవు. పెద్దది చేసి పంపించా, అంతే. మీ ఒట్టు!"

"మరి ఈ పిల్ల ముఖమెందుకు కోశావు?"

"నేను కొయ్యలేదండీ—"

బాపయ్య చెయ్యి లేచింది. ఒకప్పుడు మనుషుల్ని మడమ పట్టి ఆపిన చెయ్యి అది. దెబ్బకు కోటేష్ టీకొట్టు బల్ల మీద పడ్డాడు. గాజుగ్లాసు ఒకటి కింద పడి పగిలింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. అతను రక్తం తుడుచుకోలేదు. "అమ్మ తోడు, నేను కొయ్యలేదు," అని మాత్రం అంటూనే ఉన్నాడు.

ఆ రెండు వేళ్లు తెర మీద విడిపోవడం ఖుర్షిదాకు మళ్లీ కళ్లకు కట్టింది. ఆరోజు ఆ నవ్వును ఆమె ఏమనుకుంది? చెల్లెలి బొమ్మ చూసుకుని అన్న నవ్విన నవ్వు అది. ఆమె రెండడుగులు ముందుకు వేసింది. ఎవరో మగవాడు, "నువ్వెందుకమ్మా ఇక్కడ, ఇంటికి పో. మేం చూసుకుంటాంగా," అన్నాడు. ఆమె ఇంటికి పోయింది.

*

ఇమాం హుస్సేన్ వచ్చేసరికి ఊరంతా కథ తెలిసిపోయింది. ఆయన చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడి అరిచాడు. "ఎవడ్రా మన పిల్ల మీద బ్లేడెత్తింది? చెయ్యి విరగ్గొట్టలేకపోయారా?" లాల్ అహ్మద్ తల దించుకున్నాడు. అరుపు తగ్గాక పెద్దాయన మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. గొంతు మారింది. "నేను ముందే చెప్పా. ఆడపిల్లని నలుగురి కళ్లల్లో పెడితే ఇట్టాగే అవుద్ది. మానిపించేశామని నాకు చెప్పి, ఎనకమాల ఆడిస్తారా?"

ఖుర్షిదా గ్లాసు అందుకుంటూ ఆ మాటలు విన్నది. ఒక్క మాట కూడా కొత్తది కాదు. అన్నీ తను బ్లేడు పట్టుకున్నప్పుడు తనలో తను అనుకున్నవే.

అప్పుడే బాపయ్య మనిషిని పంపాడు. తిరునాళ్ల కమిటీ తీర్మానం చేసిందట. ఆడపిల్లల మ్యాచి రద్దు. రేపేదన్నా జరిగితే ఎవరు సమాధానం చెప్పాలి? మగవాళ్ల పోటీలు మాత్రం అనుకున్నట్టే జరుగుతాయి.

"మంచిపని చేశారు," అన్నాడు ఇమాం హుస్సేన్.

లోపలి గదిలోంచి మెహర్ వచ్చి గుమ్మంలో నిలబడింది. తలమీద చున్నీ నుదుటిదాకా లాక్కుంది. "మంచిదే పెదనాన్నా," అంది నెమ్మదిగా. "నాక్కూడా ఆడాలని లేదు."

ఎంత కోరుకుంది ఖుర్షిదా ఈ మాట కోసం! పెరట్లో తువ్వాలు కప్పిన ప్రతిసారీ కోరుకుంది. ఇప్పుడు ఆ మాట విని కూతురివైపు చూసింది. నుదుటిదాకా చున్నీ, నేలచూపులు, గొంతు ఉందా లేదా అన్నట్టుగా మాట. ఈ పిల్లను ఇలా చేసింది ఏ మోటారుసైకిలువాడూ కాదు.

ఆమె వంటింట్లోకి వెళ్లి టిఫిను గిన్నె తీసుకుంది. "ఎక్కడికే?" అని లాల్ అహ్మద్ అడిగేలోపు వీధిలోకి వచ్చేసింది.

పంచాయితీ ఆఫీసు అరుగు మీద కమిటీవాళ్లు కుర్చీలేసుకుని ఉన్నారు. కింద పాతికమంది మగవాళ్లు. ఖుర్షిదా అరుగు మెట్టు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఒక చేత్తో చీరకుచ్చిళ్లు గట్టిగా పట్టుకుంది.

"ఏం ఖుర్షిదమ్మా? మేం చూసుకుంటున్నాంగా," అన్నాడు బాపయ్య.

"ఆ బొమ్మ కోసింది నేనండీ."

ఎవరికీ అర్థం కాలేదు. ఒకతను నవ్వాడు. "కుర్రాణ్ని కాపాడ్డానికి చెప్తోంది పాపం," అన్నాడు ఇంకొకతను. ఆమె గిన్నె మూత తీసి, ముడతలు పడ్డ ముక్కను అరుగు మీద పరిచింది. మెహర్ ముఖం. చెంప మీద ఇంకా మట్టి ఉంది.

నవ్వు ఆగిపోయింది. లాల్ అహ్మద్ వెనకనుంచి వచ్చి, ముక్కను చూసి, ఆమెను చూసి, అక్కడే ఆగిపోయాడు. అతని వెనక ఇమాం హుస్సేన్. ఆయన వెనక, చున్నీ జారిన తలతో, మెహర్.

"ఎందుకు చేశావు?" అన్నాడు బాపయ్య.

"భయమేసింది."

"ఎవరంటే?"

"అందరంటే. మా బావగారంటే. దారినపోయేవాళ్లంటే. మీరంటే గూడా, కెప్టెన్ గారూ. అంతమంది చూస్తారని భయమేసింది. ఆ అబ్బాయి తప్పేం లేదు. ఊరికే దెబ్బలు తిన్నాడు. నేను చూస్తూ ఊరుకున్నా."

ఆమె వెనక్కి తిరగబోయి ఆగింది. చెప్పకపోతే మళ్లీ జన్మలో చెప్పలేననిపించింది.

"పోయినేడు పార్టీ గొడవల్లో మీ బొమ్మ గూడా చించారు గదండీ. అప్పుడు ఆట ఆపలేదు. పంతం పట్టి ఇంకా గొప్పగా ఆడించారు. తప్పు చేసింది నేను. పిల్లలకెందుకండీ శిక్ష?"

బాపయ్య ముక్క వైపు చూసి, మోకాలు రుద్దుకున్నాడు. కమిటీవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి ఆయనే అన్నాడు. "సరే. ఆడించండి. సాయంత్రం లైట్ల కింద మగవాళ్ల ఫైనలు ఉంది. ఆడపిల్లలది మధ్యాహ్నం పెట్టుకోండి, ఎండలో."

దారి పొడుగునా లాల్ అహ్మద్ ఆమె పక్కనే నడిచాడు. ఇమాం హుస్సేన్ ఇంట్లోకి రాకుండానే సంచి తీసుకుని బస్సెక్కాడు. మెహర్ లోపలికి పోయి గది తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకే ఖుర్షిదా ఎక్కువ భయపడింది.

*

మ్యాచి రోజు పొద్దున్నే ఆమె పక్క ఊరు వెళ్లింది. కోటేష్ వాకిట్లో ట్రాక్టరు కడుగుతున్నాడు. పెదవి ఇంకా వాచి ఉంది. ఆమె చేతులు జోడించి జరిగింది చెప్పింది. అతను నీళ్లు పోస్తూనే విన్నాడు.

"నన్ను కొట్టినందుక్కాదండి," అన్నాడు చివరికి. "మా నాన్న లక్ష్మీదుర్గని నిన్న సాయంత్రమే కొత్తపట్నం పంపేశాడు. కొడుకుని నడిబజార్లో కొట్టించిన ఆట మనకొద్దన్నాడు. అది ఏడ్చుకుంటా పోయింది. దానికేం చెప్తారు మీరు?"

ఆమె జోడించిన చేతులు అలాగే ఉండగా వెనక్కి తిరిగింది.

మిరపకాయలు ఎత్తేసిన కళ్లంలో కోర్టు గీశారు. ఎండ నెత్తిన పడుతోంది. అడుగేస్తే ఎర్రటి దుమ్ము లేచి కళ్లూ ముక్కూ మండుతున్నాయి. పిడుగురాళ్ల జట్టు ఏడుగురు. ఇటువైపు ఆరుగురు. జనం బాగానే వచ్చారు. సగంమంది చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఖుర్షిదా ఆ ఫోన్లన్నీ చూసింది. చీరకొంగు నోట్లో కుక్కుకుని, వెంకటరావమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది.

మెహర్ మొదటిసారి కూతకు వెళ్లినప్పుడు ఎదటివాళ్లను చూడలేదు, జనాన్ని చూసింది. ఎవరి చేతిలో ఏముందోనని వెతుకుతోంది. అంతలో పిడుగురాళ్ల పిల్లలు నడుం పట్టి పడేశారు. రెండోసారీ అంతే. "ఏమైందే దీనికి?" అని గొణిగింది వెంకటరావమ్మ. ఏమైందో ఖుర్షిదాకు తెలుసు.

సగం ఆట అయ్యాక పీఈటీ మేడం ఏదో చెప్పింది. మెహర్ కళ్లు కడుక్కుంది. ఆ తర్వాత కూతకు వెళ్తూ గీత దగ్గర ఒక క్షణం కళ్లు మూసుకుంది. తెరిచాక మరెటూ చూడలేదు. 'కబడ్డీ కబడ్డీ' అన్న గొంతు కళ్లం దాటి రోడ్డు మీదకు వినబడింది. ఇద్దర్ని ముట్టుకుని వచ్చింది. మళ్లీ వెళ్లింది. నలుగురు మీద పడ్డా, బోర్లా పడి చెయ్యి సాచి గీత అందుకుంది. వెంకటరావమ్మ గట్టెక్కి నిలబడి, నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసింది.

అయినా ఓడిపోయారు. ఏడో మనిషి నిలబడాల్సిన ఎడమ మూల మొదటినుంచీ ఖాళీగానే ఉంది. పిడుగురాళ్లవాళ్లు మాటిమాటికీ ఆ మూలనుంచే తప్పించుకుపోయారు. సెలక్షనుకు వచ్చినామె మెహర్ పేరడిగి, నెల తిరక్కుండా గుంటూరు రమ్మంది.

ఇంటికొచ్చాక మెహర్ మోకాలు చూస్తే తోలు లేచిపోయి ఉంది. దుమ్ములోని కారానికి మండిపోతోంది. ఖుర్షిదా నీళ్లగిన్నె తీసుకుని దగ్గరికి వెళ్లింది.

"నువ్వొద్దు," అంది మెహర్. "నాన్నా, నువ్వు రా."

లాల్ అహ్మద్ దూదితో గాయం తుడిచాడు. ఖుర్షిదా గుమ్మంలోనే నిలబడి చూసింది.

తెల్లవారుజామున ఎవరో తట్టి లేపితే ఆమె ఉలిక్కిపడి లేచింది. మెహర్. ఆడే బట్టలు వేసుకుని ఉంది, మోకాలికి గుడ్డ కట్టుకుంది.

"లెయ్. ప్రాక్టీసుకి మనిషి తక్కువైంది."

"నేనా?"

"లక్ష్మీదుర్గ మూల నువ్వు నిలబడు. పంపించింది నువ్వేగా."

"నాకేం వచ్చే, నలుగురూ చూస్తే—"

"చూడనీ. నన్నాపాలని నీకంత ఉంటే, చాటుగా కాదు. ఎదురుగా నిలబడి ఆపు."

స్కూలు గ్రౌండు గోడవతల రోడ్డు మీద అప్పుడే పాలబళ్లు తిరుగుతున్నాయి. ఖుర్షిదా చీర పైకి దోపుకుంది. పిక్కలకు చల్లగాలి తగిలింది. గోడ మీదుగా ఎవరో తొంగి చూశారు. పారిపోవాలనిపించింది. పక్కనున్న పిల్ల ఆమె చెయ్యి తీసుకుని తన చేతిలో కలుపుకుంది. "గట్టిగా పట్టుకోండాంటీ. విడిపోతే తప్పించుకుపోద్ది."

మెహర్ గీత దాటి వచ్చింది. కబడ్డీ కబడ్డీ. కూతురి కళ్లు సూటిగా తన మీదే ఉన్నాయి. తల్లిని చూసే చూపు కాదు, ఎదటి జట్టు మనిషిని చూసే చూపు. ఖుర్షిదాకు భయమేసింది. ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తే వచ్చే భయం అది, ఎటు దూకుతుందో, ఏ కాలు చాపుతుందో అని. మెహర్ కుడికి వంగినట్టు వంగి ఎడమకు తిరిగింది. ఖుర్షిదా ఏమీ ఆలోచించకుండా పక్కపిల్ల చెయ్యి వదిలి ముందుకు పడి, రెండు చేతులతో మడమ పట్టుకుంది.

మెహర్ ఈడ్చింది. ఖుర్షిదా వదల్లేదు. మోచేతులు నేలకు రాసుకుపోతున్నాయి, నోట్లోకి మట్టి పోయింది. "వదలొద్దాంటీ!" అని పిల్లలు అరుస్తున్నారు. తల్లిని అలాగే లాక్కుంటూ మెహర్ గీత అందుకుంది.

లేచి నిలబడి రొప్పుతూ, నడుం మీద చేతులు వేసుకుని, కింద పడి ఉన్న అమ్మను చూసింది.

"ఔట్," అంది. "బయటికి పోయి నిలబడు."

ఖుర్షిదా లేచింది. ముఖాన మట్టి తుడుచుకోకుండానే గీత బయటికి వెళ్లింది.

"మళ్లీ లోపలికి ఎప్పుడు రావాలి?"

"మీవాళ్లు నన్ను పట్టుకుంటే."

మెహర్ మళ్లీ కూతకు కదిలింది. ఖుర్షిదా గీత అంచున ముందుకు వంగి నిలబడింది. దోపిన చీర దించుకోవడం ఆమెకు గుర్తే రాలేదు. "ఎడమకే, ఎడమకు తిరుగుద్ది! పట్టుకోండి!" అని గొంతు చించుకుని అరుస్తోంది.